భాష నేర్చుకోవడానికి జర్మనీ వీసా: ఆఫీసర్ అడిగే అసలు ప్రశ్న

కేవలం జర్మన్ నేర్చుకోవడానికి జర్మనీ వెళ్తామంటే వీసా ఇస్తారా? ఇస్తారు. ఆ దేశపు నివాస చట్టంలో 16ఎఫ్ సెక్షన్ ఉన్నదే అందుకు. 2020 మార్చి 1న అమల్లోకి వచ్చిన నైపుణ్య వలస చట్టంతో అది చట్టంలోకి చేరింది. యూనివర్సిటీ అడ్మిషన్ అక్కర్లేదు, ఉద్యోగం ఆఫర్ లెటర్ అక్కర్లేదు. ఒక లాంగ్వేజ్ స్కూల్లో సీటు, కోర్సు జరిగినన్నాళ్లూ బతకడానికి డబ్బు, వెళ్లడానికి నమ్మదగిన కారణం ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

వినడానికి ఇంత సులువుగా ఉంది కాబట్టే కొన్ని కన్సల్టెన్సీలు దీన్ని "ఈజీ రూట్" అని అమ్ముతుంటాయి. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లకి, చదువులో గ్యాప్ వచ్చినవాళ్లకి, యూనివర్సిటీలు కాదన్నవాళ్లకి ముందు లాంగ్వేజ్ వీసా మీద వెళ్లిపోండి, మిగతాది అక్కడికెళ్లాక చూసుకోవచ్చు అని చెబుతారు. ఇంట్లోవాళ్లు పొలం మీదో బంగారం మీదో అప్పు తెస్తారు. తీరా వీసా రాకపోతే కన్సల్టెన్సీ చేతులు దులుపుకుంటుంది, ఫీజు మాత్రం వెనక్కి రాదు.

నిజానికి చదువు పేరుతో ఇచ్చే వీసాలన్నింటిలోకీ గట్టిగా నిలబెట్టుకోవడం కష్టమైనది ఇదే. మాస్టర్స్‌కి వెళ్లేవారు ఎందుకు వెళ్తున్నారో అడ్మిషన్ లెటరే చెబుతుంది. అన్ని షరతులూ తీరి అడ్మిషన్ చేతికొస్తే చదువు వీసా ఇవ్వాల్సిందేనని చట్టం అంటుంది. భాషా కోర్సుకు ఆ హామీ లేదు. అక్కడ నిర్ణయం అధికారుల విచక్షణకే వదిలేసింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా, ఈ మనిషి నిజంగా భాష కోసమే వస్తున్నాడన్న నమ్మకం కలగకపోతే కాదనే వీలు వాళ్లకుంది. హైదరాబాద్‌లోనే దొరికే చదువు కోసం పదమూడు లక్షలు పెట్టి అంత దూరం ఎందుకు వెళ్లాలి అన్నదే ఆఫీసర్ ముందున్న అసలు ప్రశ్న. మిగతా షరతులన్నీ దాని చుట్టూ తిరిగేవే.

ఒకే క్లాసు, నాలుగు వీసాలు

బెర్లిన్‌లో ఒక లాంగ్వేజ్ స్కూలు ఉందనుకుందాం. బీ1 క్లాసులో (ఏ1 నుంచి సీ2 దాకా ఉండే ఆరు భాషా స్థాయిల్లో మూడోది) నలుగురు తెలుగువాళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. పుస్తకం ఒకటే, టీచర్ ఒకరే. కానీ నలుగురి పాస్‌పోర్టుల్లోనూ నాలుగు రకాల వీసాలు ఉండొచ్చు.

మొదటివారు ఉద్యోగానికి సెలవు పెట్టి రెండు నెలల కోర్సుకు వచ్చారు. వారికి మామూలు షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే కొద్దికాలపు వీసా చాలు. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదన్నది దాని లెక్క. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. కోర్సు బాగుంది, ఇంకో నాలుగు నెలలు ఉంటానంటే కుదరదు. ఇంటికి వచ్చి కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. ముందు షెంగెన్ మీద వెళ్లి అక్కడ లాంగ్ టర్మ్‌కి మార్చుకోవచ్చని ఎవరైనా చెబితే అది తప్పు సలహా.

రెండోవారికి ఒక యూనివర్సిటీ షరతుతో కూడిన అడ్మిషన్ ఇచ్చింది. ముందు భాషా పరీక్ష పాసవ్వాలి, ఆ తర్వాతే కోర్సులో చేర్చుకుంటామంది. వారు కూర్చున్నది భాషా క్లాసే అయినా వీసా మాత్రం చదువుకు సంబంధించిన 16బి కింద వస్తుంది, ఎందుకంటే ఆ భాష డిగ్రీకి మెట్టు. అలాంటివారు 16ఎఫ్ కింద దరఖాస్తు పెట్టడం పొరపాటు. చదువుకు ముందస్తు తయారీ కాని భాషా కోర్సులకే 16ఎఫ్ అని చట్టం విడదీసి చెప్పింది. చదువు దారిలో వెళ్లేవారికి మన దేశంలో 2022 నవంబర్ 1 నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి అయింది. మన మార్కుల జాబితాలు, డిగ్రీలు అసలువేనని తేల్చే పరిశీలన అది. ఆ మెట్టు తప్పించుకోవడానికే భాషా దారి పట్టారేమో అన్న అనుమానం కూడా ఆఫీసర్‌కు రావొచ్చు.

మూడోవారు నర్సు. బీఎస్సీ నర్సింగ్ చేశారు, జర్మనీలో ఆ అర్హతకు గుర్తింపు తెచ్చుకునే పనిలో ఉన్నారు. వారిది 16డి. గుర్తింపు కోసం చేయాల్సిన శిక్షణలో భాషా కోర్సు కూడా ఉండొచ్చు. అయితే ఆ వీసాకు మామూలుగా ఏ2 స్థాయి జర్మన్ ఇక్కడే వచ్చి ఉండాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు ముందు ఇక్కడ భాష నేర్పించి తర్వాత పంపడానికి కారణం కూడా ఇదే.

నాలుగోవారే మన 16ఎఫ్ మనిషి. డిగ్రీ అడ్మిషన్ లేదు, ఉద్యోగం లేదు, గుర్తింపు ప్రక్రియ లేదు. భాష ఒక్కటే. కాబట్టి దరఖాస్తు ఫారం నింపేముందు తేల్చుకోవాల్సింది, జర్మన్ వచ్చాక దానితో ఏం చేయబోతున్నామన్నది. ఆ జవాబు డిగ్రీ అయితే 16బి, నర్సు ఉద్యోగమైతే 16డి, పనిలో శిక్షణ పొందే ఆస్‌బిల్డుంగ్ అయితే 16ఎ. ఇవేవీ కాకపోతేనే 16ఎఫ్. చాలా దరఖాస్తులు ఇక్కడే దెబ్బతింటాయి. మనసులో ఒకటి పెట్టుకుని ఫారంలో ఇంకొకటి రాస్తే ఎక్కడో ఒకచోట ఆ అతుకు బయటపడుతుంది.

వారానికి 18 క్లాసులు

16ఎఫ్‌కి ఏ కోర్సు పడితే అది పనికిరాదు. ఇంటెన్సివ్ కోర్సు కావాలి. అంటే వారానికి కనీసం 18 పీరియడ్లు, రోజూ క్లాసు. పీరియడ్ అంటే 45 నిమిషాలు. సాయంత్రం క్లాసులు, శని ఆదివారాల బ్యాచ్‌లు, ఆన్‌లైన్ కోర్సులు లెక్కలోకి రావు. మొత్తం మీద ఏడాదికి మించి ఈ వీసా మీద ఉండనివ్వరు.

ఈ ఏడాది గడువు చూసి చాలామంది పిసినారితనం అనుకుంటారు. లెక్క వేస్తే అలా అనిపించదు. బీ2 స్థాయి చేరడానికి మొత్తం 600 నుంచి 800 పీరియడ్లు పడుతుందన్నది జర్మన్ నేర్పే సంస్థ గోథె ఇన్‌స్టిట్యూట్ అంచనా. సెలవులు పోగా ఏడాదికి 45 వారాలు క్లాసు జరిగినా, వారానికి 18 చొప్పున 810 పీరియడ్లు అవుతాయి. అంటే అక్షరం ముక్క రాకుండా వెళ్లినవారు కూడా శ్రద్ధగా చదివితే ఏడాదిలో బీ2 దగ్గరకు రావచ్చు. ఒకవేళ ఎవరైనా ఏడాదంతా ఉండి ఏ2 దగ్గరే ఆగిపోతే, ఈ మనిషి క్లాసుకు వెళ్లాడా అని అడగడానికి అధికారులకు ఆధారం దొరికినట్టే.

ఇక స్కూలు ఇచ్చే కన్ఫర్మేషన్ లెటర్ సంగతి. దీన్ని చాలామంది పైపైన చూసి ఫైల్లో పెట్టేస్తారు. పంక్తి పంక్తి చదవాల్సిన కాగితం అది. కోర్సు ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుందో ఉండాలి. ఏ స్థాయి నుంచి ఏ స్థాయి దాకానో ఉండాలి. వారానికి ఎన్ని పీరియడ్లు, పీరియడ్ ఎన్ని నిమిషాలు, ఏయే రోజుల్లో ఏ వేళల్లో జరుగుతాయి అన్నవి స్పష్టంగా కనిపించాలి. ఫీజు ఎంత, అందులో ఎంత కట్టారు అన్నది కూడా. "ఇంటెన్సివ్ కోర్స్" అని ఒక్క మాట రాసి వదిలేసిన లెటర్ అయితే స్కూలుకు మళ్లీ మెయిల్ రాసి పూర్తి వివరాలతో ఇంకొకటి తెప్పించుకోవడం మంచిది. వీసా రాకపోతే ఫీజులో ఎంత వెనక్కి ఇస్తారన్నది కూడా డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగాలి. స్కూలును బట్టి ఈ నియమం చాలా మారుతుంది.

పేరు విషయంలో మనవాళ్లు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. ఇంటిపేరు ముందు రాసుకోవడం మన అలవాటు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. స్కూల్లో రిజిస్టర్ చేసుకునేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్న వరుస ఉన్నట్టే రాయాలి. బ్లాక్డ్ అకౌంట్ (ఖర్చుల డబ్బు ముందే వేసి చూపించే ఖాతా), ఇన్సూరెన్స్, కోర్సు లెటర్ మూడింటిలో మూడు రకాలుగా పేరు ఉంటే అది ఒకే మనిషిదని నిరూపించుకునే పని కొత్తగా మొదలవుతుంది.

డబ్బు లెక్క

చదువు వీసా మీద వెళ్లేవారు నెలకు 992 యూరోల చొప్పున ఏడాదికి 11,904 యూరోలు చూపాలన్నది 2024 సెప్టెంబర్ నుంచి ఉన్న లెక్క. భాషా వీసాకు దాని మీద పది శాతం ఎక్కువ అడుగుతారు. నెలకు 1,091 యూరోలు. పన్నెండు నెలల కోర్సు అయితే 13,092. యూరో వంద రూపాయలకు అటూ ఇటూగా ఉన్నప్పుడు పదమూడు లక్షల పైమాట. ఆరు నెలల కోర్సుకైతే అందులో సగం. ఇది తిండికి, అద్దెకు మాత్రమే. స్కూలు ఫీజు, విమానం టికెట్, ఇన్సూరెన్స్, 75 యూరోల వీసా ఫీజు విడిగా. ఈ మొత్తాలు జర్మనీలోని విద్యార్థి సహాయం లెక్కతో ముడిపడి ఉండటంతో అప్పుడప్పుడు పెరుగుతుంటాయి. దరఖాస్తు పెట్టే నెలలో ఎంత ఉందో కాన్సులేట్ సైట్లో చూసి అంతే కట్టాలి.

ఎక్కువమంది ఎంచుకునే పద్ధతి బ్లాక్డ్ అకౌంట్. డబ్బంతా ముందే అందులో వేస్తారు. జర్మనీ చేరి, ఇంటి చిరునామా నమోదు చేయించుకుని, అక్కడ ఒక మామూలు బ్యాంకు ఖాతా తెరిచాక నెలనెలా 1,091 చొప్పున అందులోకి వస్తుంది. ఒకేసారి తీసుకోవడం కుదరదు. మొదటి నెల ఖర్చు ఇందులోంచి వస్తుందనుకుంటే ఇబ్బంది పడతారు, చిరునామా నమోదు, ఖాతా తెరవడం పూర్తయ్యేసరికి వారాలు పట్టవచ్చు. అద్దెకు ఇల్లు దొరకాలంటే రెండు మూడు నెలల అద్దె డిపాజిట్ అడగడం అక్కడ మామూలు. చేతిలో విడిగా కొంత ఉంచుకోకపోతే టెన్షన్ తప్పదు. వీసా కాదంటే ఆ తిరస్కరణ లెటర్ చూపించి డబ్బు వెనక్కి తెప్పించుకోవచ్చు, సర్వీసు చార్జీ పోవచ్చు.

ఇక్కడి నుంచి పంపేటప్పుడు ఇంకో సంగతి. ఒక ఆర్థిక సంవత్సరంలో పది లక్షలు దాటి విదేశాలకు పంపిన మొత్తం మీద బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న పరిమితి ఇది. ఆ డబ్బు పోదు, ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు. కానీ ఆ రోజుకు చేతిలోంచి కట్టాలి కాబట్టి లెక్కలో వేసుకోవాలి. చదువు కోసం పంపుతున్నట్టు ఫారంలో సరైన కారణం రాయకపోతే రేటు ఎక్కువ పడుతుంది.

బ్లాక్డ్ అకౌంట్ బదులు జర్మనీలో ఉన్న బంధువు హామీ ఇవ్వవచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో బావగారు ఉన్నారు, మ్యూనిక్‌లో బాబాయి ఉన్నారు, వాళ్లు ఒక సంతకం పెడితే పోదా అని ఇంట్లో అనుకోవడం సహజం. ఆ సంతకం మామూలు స్పాన్సర్ లెటర్ లాంటిది కాదు. అక్కడి విదేశీయుల ఆఫీసుకు వెళ్లి, జీతం కాగితాలు చూపించి, చట్టబద్ధంగా బాధ్యత తీసుకోవాలి. వచ్చినవారి బతుకు ఖర్చు ప్రభుత్వం భరించాల్సి వస్తే ఆ సొమ్ము హామీదారు దగ్గర వసూలు చేస్తారు. ఆ బాధ్యత ఐదేళ్ల దాకా ఉంటుంది. బంధువులను అడిగేముందు ఈ విషయం వాళ్లకు చెప్పడం న్యాయం.

ఇన్సూరెన్స్ విషయంలోనూ భాషా విద్యార్థికి, యూనివర్సిటీ విద్యార్థికి తేడా ఉంది. యూనివర్సిటీ విద్యార్థులు తక్కువ రేటుకు దొరికే ప్రభుత్వ ఆరోగ్య బీమాలో చేరతారు. లాంగ్వేజ్ స్కూలు విద్యార్థులకు ఆ అవకాశం లేదు, ప్రైవేటు పాలసీ తీసుకోవాలి. చవగ్గా దొరికిందని పాత జబ్బులకు వర్తించని పాలసీ తీసుకుంటే కాగితం మీద షరతు తీరినా ఆస్పత్రి బిల్లు మాత్రం తడిసి మోపెడవుతుంది.

ఇక్కడే నేర్చుకోవచ్చు కదా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ చెన్నైలోని జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి. హైదరాబాద్‌లో గోథె సెంట్రుమ్ ఉందని, ఇక్కడి విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో జర్మన్ డిగ్రీ స్థాయి దాకా నేర్పుతారని అక్కడివాళ్లకు మనకంటే బాగా తెలుసు. కాబట్టి "మా ఊళ్లో మంచి కోచింగ్ లేదు" అన్న జవాబు నిలవదు. "జర్మన్ సంస్కృతి అంటే నాకు చిన్నప్పటి నుంచి ఇష్టం" అన్నదీ నిలవదు. ఏజెంట్ ఆఫీసులో పేర్లు మార్చి ప్రింటు తీసిన మోటివేషన్ లెటర్లు వందల మంది దగ్గర ఒకేలా ఉంటాయి, చదివేవాళ్లకు రెండో పేరాలోనే తెలిసిపోతుంది.

నిలిచే జవాబులు వేరేగా ఉంటాయి. ఇక్కడ ఏ1, ఏ2, బీ1 పాసై సర్టిఫికెట్లు చేతిలో ఉన్నవారు, ఇంక ఆ పై స్థాయికి భాష చుట్టూ ఉండే వాతావరణం కావాలంటే అందులో అర్థం ఉంది. ఎంఏ జర్మన్ చేసి టీచింగ్‌లోకి వెళ్లదలచినవారు సీ1 కోసం ఆరు నెలలు వెళ్తామంటే ఎవరికైనా అర్థమవుతుంది. జర్మన్ మాతృసంస్థ ఉన్న కంపెనీలో పనిచేసేవారు, సెలవు మంజూరు చేస్తూ, తిరిగి వచ్చాక ఉద్యోగం ఉంటుందని చెబుతూ యాజమాన్యం ఇచ్చిన లెటర్ జతచేస్తే అంతకంటే బలమైన కాగితం ఉండదు. అనువాదకులు, పాశ్చాత్య సంగీతం నేర్చుకునేవారు, జర్మన్ మూలగ్రంథాలు చదవాల్సిన పరిశోధకులు కూడా ఈ కోవలోకే వస్తారు. వీళ్లందరి దగ్గరా భాషకు ముందు ఒక జీవితం, భాష తర్వాత ఒక పని కనిపిస్తాయి. లెటర్లో చెప్పాల్సింది కూడా అదే. ఇప్పటిదాకా ఏం చేశారు, జర్మన్ ఎక్కడ అవసరమైంది, ఇక్కడ ఎంతవరకు నేర్చుకున్నారు, ఈ స్కూలునే ఎందుకు ఎంచుకున్నారు, తిరిగి వచ్చాక ఏం చేస్తారు. ఒకటిన్నర పేజీలో సొంత మాటల్లో రాస్తే చాలు. మూడేళ్ల గ్యాప్ ఉంటే దాన్ని దాచకుండా ఆ మూడేళ్లు ఏం చేశారో రాయాలి. గ్యాప్ గురించి మౌనంగా ఉంటే చదివేవారు దానికి సొంత అర్థం చెప్పుకుంటారు.

భాష ఒక్క ముక్క కూడా ఇక్కడ మొదలుపెట్టకుండా ఏడాది కోర్సుకు దరఖాస్తు పెట్టేవారి పరిస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఏ1 నేర్చుకోవడానికి రెండు మూడు నెలలకు మించి పట్టదు ఇక్కడ. ఆ మాత్రం కూడా చేయనివారు భాష కోసం దేశం దాటుతున్నారంటే ఎవరు నమ్ముతారు?

మిగతా దేశాలు ఇదే ప్రశ్నను ఎలా చూస్తాయి

జపాన్ తీరు జర్మనీకి దాదాపు తలకిందులు. అక్కడ ముందు లాంగ్వేజ్ స్కూలు, తర్వాతే కాలేజీ లేదా ఉద్యోగం అన్నది మామూలు దారి. లాంగ్వేజ్ స్కూలు విద్యార్థికీ, యూనివర్సిటీ విద్యార్థికీ ఇచ్చే నివాస హోదా ఒకటే, 2010 నుంచి రెండింటినీ కలిపేశారు. విద్యార్థి తరఫున స్కూలే ఇమిగ్రేషన్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టి సీఓఈ అనే అర్హతా పత్రం తెప్పిస్తుంది. అసలు పరిశీలనంతా ఆ దశలోనే అయిపోతుంది. ఇక్కడి వీసా అంతా దాని మీద ఆధారపడేదే. సీఓఈ మూడు నెలలే చెల్లుతుంది. మొదట్లోనే 150 గంటలు జపనీస్ చదివిన ఆధారమో, జేఎల్‌పీటీ ఎన్5 (జపనీస్ భాషా పరీక్షలో తొలి స్థాయి) సర్టిఫికెట్టో మామూలుగా అడుగుతారు. అక్కడ లాంగ్వేజ్ స్కూల్లో రెండేళ్ల దాకా ఉండొచ్చు, అనుమతి తీసుకుని వారానికి 28 గంటలు పార్ట్‌టైమ్ చేయొచ్చు. స్కూళ్ల నాణ్యత మీద ఫిర్యాదులు పెరిగాక 2024 ఏప్రిల్ నుంచి విద్యా మంత్రి గుర్తింపు ఇచ్చే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. జపాన్ వెళ్లినవారి అనుభవం విని జర్మనీ కూడా అలాగే ఉంటుందనుకోవడం మన దగ్గర తరచూ జరిగే పొరపాటు.

అమెరికాలో గీత గంటల దగ్గర ఉంది. టూరిస్టుగా వెళ్లి సరదాగా వారానికి కొద్ది గంటలు ఇంగ్లిష్ క్లాసుకు వెళ్లడం వేరు. వారానికి 18 గంటలు, ఆపైన ఉండే కోర్సు అయితే ఎఫ్-1 అనే విద్యార్థి వీసా, స్కూలు ఇచ్చే ఐ-20 పత్రం తప్పనిసరి. మాస్టర్స్ చేసినవారికి దొరికే ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పని చేసుకునే అనుమతి) కేవలం ఇంగ్లిష్ కోర్సు చేసినవారికి దొరకదు. ఈ ఒక్క తేడా చెప్పకుండా ఇంగ్లిష్ కోర్సుల్లో చేర్పించేవాళ్లున్నారు. బ్రిటన్ ఇంకా సూటిగా ఉంది. ఆరు నెలల లోపు కోర్సుకు విజిటర్ వీసా సరిపోతుంది. ఆరు నుంచి పదకొండు నెలల ఇంగ్లిష్ కోర్సుకు విడిగా షార్ట్ టర్మ్ స్టడీ వీసా ఉంది. దాని మీద పని చేయకూడదు, పొడిగింపు లేదు, అక్కడుండగా ఇంకో వీసాకు మారడం లేదు. ముందే అన్ని తలుపులూ మూసి చెబుతుంది కాబట్టి అందులో మోసపోయే అవకాశం కూడా తక్కువ.

జర్మనీ వీటి మధ్యలో ఉంటుంది. తలుపు ఓరగా తీసి ఉంచుతుంది, ఆశ పుట్టేది అక్కడే. 2024 మార్చి నుంచి భాషా వీసా మీద ఉన్నవారు వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. అక్కడి కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకు 13.90 యూరోలు. ఇది విని కోర్సు ఖర్చు అక్కడే సంపాదించుకోవచ్చని లెక్కలు వేస్తారు. దరఖాస్తు పెట్టేనాటికి ఆ జీతం చేతిలో ఉండదు, డబ్బు మాత్రం ముందే చూపాలి. పైగా జర్మన్ రాని మనిషికి దొరికే పని పరిమితం. క్లాసులు పదమూడున్నర గంటలు, ఇంట్లో చదువు ఇంకో అంత, దాని మీద 20 గంటల పని, రాకపోకలు. వీటిలో ముందు తెగేది చదువే. హాజరు తగ్గితే పొడిగింపు దగ్గర ఇబ్బంది, పొడిగింపు రాకపోతే మొత్తానికే ఎసరు.

భాషా వీసా నుంచి చదువుకో, ఆస్‌బిల్డుంగ్‌కో అక్కడే మారవచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్న. కొన్ని సందర్భాల్లో వీలుంది. వెళ్లబోయే కొత్త వీసా షరతులన్నీ పూర్తిగా తీరితేనే. అలా తీర్చగలిగినవారు ఆ వీసాకు ఇక్కడి నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆస్‌బిల్డుంగ్‌కు మామూలుగా బీ1 కావాలి. ఉద్యోగం వెతుక్కోవడానికి 2024 జూన్ 1 నుంచి ఇస్తున్న ఆపర్చునిటీ కార్డుకు జర్మన్ ఏ1 లేదా ఇంగ్లిష్ బీ2 ఉండాలి. భార్య దగ్గరకో భర్త దగ్గరకో వెళ్లేవారికి కూడా చాలా సందర్భాల్లో ఏ1 ఇక్కడే అడుగుతారు. ఎటు చూసినా జర్మనీ కోరుకునేది కొంత భాష వచ్చాక రమ్మని. ఆ లెక్కన, ఉద్యోగమో శిక్షణో మనసులో ఉన్నవారు ఆ పదమూడు లక్షల్లో చిన్న భాగం పెట్టి ఏడాదిలోపు ఇక్కడే బీ1 పూర్తి చేసి, అసలు పని పేరుతోనే దరఖాస్తు పెట్టడం తెలివైన పని. మాస్టర్స్ ఇంగ్లిష్‌లో చేయబోయేవారికి 16ఎఫ్ ఊసే అక్కర్లేదు.

కాదంటే

ఇంతకుముందు జర్మనీ వీసా తిరస్కరిస్తే రెమన్‌స్ట్రేషన్ అని ఒక దారి ఉండేది. ఫలానా కారణం సరికాదు, మళ్లీ చూడండి అని ఖర్చు లేకుండా అదే కాన్సులేట్‌కు రాసుకోవచ్చు. అదనపు కాగితాలు జతచేసి చాలామంది రెండోసారి గట్టెక్కేవారు. 2025 జూలై 1 నుంచి ప్రపంచవ్యాప్తంగా దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు మిగిలినవి రెండే. బెర్లిన్ పరిపాలనా కోర్టులో దావా వేయడం, లేదా మళ్లీ ఫీజు కట్టి కొత్త దరఖాస్తు పెట్టడం. దావాకు నెలలు పడుతుంది, లాయర్ ఖర్చు ఉంటుంది, అప్పటికి కోర్సు మొదలైపోతుంది. కాబట్టి ఎక్కువమందికి కొత్త దరఖాస్తే దిక్కు.

కొత్తది పెట్టేటప్పుడు పాత ఫైలునే మళ్లీ పంపితే ఎక్కడి గొంగళి అక్కడే ఉంటుంది. తిరస్కరణ లెటర్లో రాసిన కారణం డబ్బు గురించో, కోర్సు గంటల గురించో అయితే దిద్దుకోవడం తేలిక. ఉద్దేశం నమ్మశక్యంగా లేదని రాస్తే మాత్రం కొత్త లెటర్ రాసినంత మాత్రాన సరిపోదు, మధ్యలో ఏదో మారినట్టు కనిపించాలి. ఆ నెలల్లో ఇక్కడ ఇంకో స్థాయి పాసవ్వడం అలాంటి మార్పు. పాత తిరస్కరణను దాచిపెట్టకూడదు, ఫారంలో అడిగినచోట రాయాలి. దొంగ అనుభవ సర్టిఫికెట్లు, అప్పు తెచ్చి చూపించి మర్నాడే తీసేసే డిపాజిట్లు సలహా ఇచ్చేవాళ్ల దగ్గర ఒక్క క్షణం కూడా ఆగకూడదు. అవి దొరికితే పోయేది ఆ ఒక్క వీసా కాదు, తర్వాత ఏ దేశానికి దరఖాస్తు పెట్టినా ఆ మచ్చకు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.